సిలికాన్ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

ఒక్కొక్క ఫోటాన్‌నూ, అంటే కాంతి కణాన్నీ, లెక్కించే సిలికాన్ అవలాంచ్ ఫోటోడయోడ్ (ఒక్క ఫోటాన్ పడినా లోపల ఎలక్ట్రాన్ల వెల్లువ, అంటే అవలాంచ్, పుట్టే పరికరం) మాడ్యూళ్లను చాలా ఏళ్లుగా ప్రయోగశాలలో వాడుతున్నాను. కొనదలచినవారు మొదట అడిగేది క్వాంటం సామర్థ్యం (పడిన ఫోటాన్లలో నమోదయ్యేవాటి వాటా) ఎంత అని. 650–700 నానోమీటర్ల ఎరుపు కాంతికి అది సుమారు 65 శాతం ఉంటుంది. 1,100 నానోమీటర్లు దాటిన కాంతికి సిలికాన్ దాదాపు గుడ్డిదే. అయితే నా దృష్టిలో ఆ అంకెకు దక్కుతున్న గౌరవం కాస్త ఎక్కువే.

భౌతిక శాస్త్రవేత్త రాయ్ గ్లాబర్ 1963లో రూపొందించిన సిద్ధాంతంలో కాంతిని కొలవడమంటే ఫోటాన్‌ను శోషించుకోవడమే. డిటెక్టర్ కొన్ని ఫోటాన్లను వదిలేస్తే, వాటిని దారిలోనే పోయినవాటిగా లెక్కకట్టవచ్చు. అందుకే సామర్థ్యం సగానికి తగ్గినా జీ-టూ విలువ (రెండు ఫోటాన్లు ఒకేసారి రావడం, అవి యాదృచ్ఛికంగా వస్తే ఉండేదానికి ఎన్నింతలో చెప్పే అంకె) మారదు. జంట కౌంట్లు (రెండు ఫోటాన్లు ఒకేసారి నమోదైన సందర్భాలు) నాలుగో వంతుకు పడిపోతాయి గనుక కొలతకు నాలుగింతల సమయం పడుతుంది, అంతే.

సిద్ధాంతం అంత తేలిగ్గా క్షమించనిది డెడ్ టైమ్‌ను. ప్రతి పల్స్ తర్వాత మా మాడ్యూల్ సుమారు 50 నానోసెకన్లు స్పందించదు. సెకనుకు 10 లక్షల కౌంట్లు నమోదవుతున్నప్పుడు 5 శాతం సమయం అలాగే పోతుంది. పాయిజాన్ పంపిణీలో (యాదృచ్ఛికంగా వచ్చేవాటి లెక్క, ఇందులో వేరియన్స్ సగటుకు సమానం) ఉండవలసిన మామూలు లేజర్ కాంతికి సైతం వేరియన్స్, అంటే కౌంట్ల హెచ్చుతగ్గుల కొలత, సగటులో దాదాపు 90 శాతానికి దిగి, ఏదో అపురూపమైన క్వాంటం కాంతి దొరికినట్టు భ్రమ కలుగుతుంది. ఇక ఆఫ్టర్‌పల్స్‌లది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అల్లరి: స్ఫటిక లోపాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు ఆలస్యంగా విడుదలై, రాని ఫోటాన్లను వచ్చినట్టు చూపిస్తాయి.

హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ అనే శాస్త్రవేత్తలు 1956లో చేసినట్టు కాంతిని బీమ్ స్ప్లిటర్‌తో చీల్చి రెండు డిటెక్టర్లకు పంపితే ఈ రెండు బాధలూ చాలావరకు తీరుతాయి. అప్పుడు ఇంకొక వింత బయటపడుతుంది. అవలాంచ్ జరిగిన క్షణంలో డయోడ్ తానే మసక వెలుగు చిమ్ముతుంది. అది ఫైబర్ గుండా వెనక్కి వెళ్లి రెండో డిటెక్టర్‌ను మేల్కొలిపితే, రెండు డిటెక్టర్ల పల్స్‌ల మధ్య కాలవ్యవధిని చూపే హిస్టోగ్రామ్‌లో సున్నాకు ఇరువైపులా చిన్న శిఖరాలు లేస్తాయి. మధ్యలో మీటరు ఫైబర్ చేర్చగానే అవి సుమారు 5 నానోసెకన్లు, అంటే కాంతి ఆ మీటరు దాటేంత సమయం, జరిగాయి. దాంతో దొంగ దొరికినట్టయింది. మధ్యలో ఇరుకైన ఫిల్టర్ పెట్టాక అవి దాదాపు మాయమయ్యాయి.

చల్లబరిచే ఏర్పాటు బాగానే పనిచేస్తుంది, డార్క్ కౌంట్లు (కాంతి లేకున్నా నమోదయ్యే పల్స్‌లు) సెకనుకు కొన్ని వందలు దాటవు. విద్యుత్తు ఉండగా గది వెలుతురు పడనీయకూడదు. ఒకే ఖర్చుకు అత్యధిక సామర్థ్యమున్న ఒక మాడ్యూలా, మధ్యస్థమైనవి రెండా అని అడిగితే, రెండే కొనమంటాను.