పామాయిల్ రైతుకు ఏది మేలు: దిగుమతి సుంకమా, భరోసా ధరా?

తెలంగాణలోని అశ్వారావుపేట, దమ్మపేట పామాయిల్ తోటల్లో పది పదిహేను రోజులకోసారి గెలలు కోస్తారు. కోసిన గెల ఒక్క రోజులో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. మిర్చి అయితే రేటు వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. గెలకు ఆ వీల్లేదు, ఆ రోజు రేటే రేటు. ఆ రేటేమో ముడి పామాయిల్ ధరనూ, దానిమీద మన ప్రభుత్వం వేసే సుంకాన్నీ పట్టుకుని నడుస్తుంది.

అందుకే రైతులు సుంకం పెంచమంటారు. 2024 సెప్టెంబరులో పెంచారు కూడా: 5.5 శాతం ఉన్నది ఒకేసారి 27.5 అయింది. గెలల రేటు లేచింది. ఖజానాకు ఖర్చు లేదు సరికదా, రాబడి. కానీ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే కాబట్టి, ఆ భారం మోసింది బజ్జీల బండి ఆవిడ, హాస్టల్ మెస్సులు, మనమూ. 2025 మే ఆఖరుకు మళ్లీ 16.5కి దించారు. తొమ్మిది నెలలైనా నిలవని సుంకాన్ని నమ్ముకుని, కాపుకే నాలుగేళ్లు పట్టే చెట్టు ఎలా నాటడం?

ఇండోనేషియా 2022లో ఇంకో దారి పట్టింది. ఇంట్లో నూనె ధర తగ్గించాలని మూడు వారాలకు పైగా ఎగుమతులే ఆపేసింది. గెలల ధర పడిపోయి అక్కడి చిన్న రైతులు రోడ్డెక్కారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇక భరోసా ధర. 2021లో 11,040 కోట్లతో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయిల్‌పామ్ మిషన్‌లో ఉన్నదిదే. ఐదేళ్ల ముడి నూనె సగటు ధరను టోకు ధరల సూచీతో, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు, సరిచేసి, అందులో 14.3 శాతాన్ని గెలకు భరోసా ధరగా కడతారు. మార్కెట్ అంతకంటే తగ్గితే తేడా ప్రభుత్వానిది. నూనె ప్యాకెట్ రేటు పెరగదు. లోపమల్లా ఒకటే, డబ్బు బడ్జెట్‌లోంచి రావాలి. ఫైలు కదలకపోతే రైతుకు మళ్లీ టెన్షనే.

అయినా పామాయిల్‌కు నా ఓటు భరోసా ధరకే, చిన్నపాటి సుంకం స్థిరంగా ఉంచి. అనంతపురం వేరుశనగకు మాత్రం సుంకమే కావాలంటాను. 1994లో 65 శాతం ఉన్న పామోలిన్ సుంకాన్ని 1998కల్లా 15కి దించితే, ఆ చౌక నూనెతో పోటీ పడాల్సి వచ్చింది వేరుశనగలాంటి పంటలే. పైగా గెల నేరుగా ఫ్యాక్టరీకే వెళ్తుంది, తూకం చీటీ ఉంటుంది, తేడా లెక్కకట్టడం తేలిక. వేరుశనగ కాయలు చాలాసార్లు కళ్లంలోనే దళారి బస్తాల్లోకి పోతాయి, ఏ చీటీ లేకుండా.