ఫ్రెస్నో మీదుగానా, ఊళ్లకు దూరంగానా: హైస్పీడ్ రైలుకు ఏ దారి మేలు?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు 2 గంటల 40 నిమిషాల్లో చేర్చే రైలు కోసం కాలిఫోర్నియా ఓటర్లు 2008 నవంబరులో 995 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. ఆ రైలు ఏ దారిన వెళ్లాలన్న వాదం మాత్రం నేటికీ సద్దుమణగలేదు. నడుమనున్న శాన్ వాకిన్ లోయ పడమటి అంచున 5వ నంబరు జాతీయ రహదారి పెద్ద ఊళ్లేవీ తగలకుండా దాదాపు తిన్నగా సాగిపోతుంది. తూర్పున 99వ నంబరు రహదారి వెంట మెర్సెడ్, ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ నగరాలున్నాయి.

2009 నుంచి 2017 జనవరి వరకు ఫ్రెస్నో మేయరుగా ఉన్న యాష్లీ స్వెరెంజిన్ ఊళ్ల మీదుగా వెళ్లే దారినే సమర్థించారు. ఆమె రిపబ్లికన్. ఆమె పార్టీ నాయకుల్లో ఎక్కువమంది ఈ పథకాన్ని దుబారా అని తీసిపారేస్తున్న రోజుల్లో, లోయను తీరప్రాంతపు ఆర్థిక వ్యవస్థతో కలపడానికి ఇదే మార్గమని ఆమె వాదించారు. రాజకీయంగా కలిసిరాని మాటను ఊరి కోసం అనగలిగినందుకు ఆమెపై నాకు గౌరవం ఉంది.

ఆ వాదానికి చరిత్రలోనే బలముంది. 1872లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఇక్కడ స్టేషన్ పెట్టడంతోనే ఫ్రెస్నో పుట్టింది. వందేళ్ల తర్వాత 5వ నంబరు రహదారి వేసినప్పుడు అది ఊరికి ఎంతో దూరంగా, పడమటి పొలాల గుండా వెళ్లిపోయింది. కొత్త రైలు కూడా అదే దారి పడితే, 2010లో 4.94 లక్షలున్న జనాభా 2020 నాటికి 5.42 లక్షలకు చేరిన నగరానికి మళ్లీ మొండిచెయ్యే మిగిలేది.

అయితే పడమటి దారిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అక్కడ వంతెనల అవసరం తక్కువ, కూల్చాల్సిన కట్టడాలు తక్కువ, రెండు చివర్ల మహానగరాల ప్రయాణికుడికి అదే దగ్గరి దారి. చివరికి ఎంచుకున్న తూర్పు దారి కోసం ఫ్రెస్నోలో ఏకంగా 99వ నంబరు రహదారినే కొంతమేర వంద అడుగులు పడమరకు జరపాల్సి వచ్చింది. పట్టాలకు చోటివ్వడానికి పక్కనున్న దుకాణాలు తరలిపోయాయి. కింగ్స్ కౌంటీలో భూములు రెండు ముక్కలవుతాయని రైతులు కోర్టుకెక్కారు. 2008లో 3,300 కోట్ల డాలర్లన్న అంచనా ఇప్పుడు 10,000 కోట్లు దాటింది. ఈ భారమంతా దారి ఎంపిక వల్ల వచ్చింది కాదు గానీ, అందులో దాని వాటా ఉంది.

మూడో మార్గంగా, ఉన్న రైలునే బాగుచేస్తే చాలదా అనేవారున్నారు. జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే గోల్డ్ రన్నర్ రైలు (2025 వరకు దాని పేరు శాన్ వాకిన్స్) లోయలో గంటకు 79 మైళ్లకు మించకుండా, సరకు రవాణా కంపెనీల పట్టాల మీద నడుస్తుంది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఆ రైలు ఆగిపోతుంది. లాస్ ఏంజెలెస్ వెళ్లేవారు పెట్టెలు దించుకుని బస్సెక్కాలి, ఎందుకంటే టెహాచపీ కనుమలో వంపులు తిరిగే పాత లైను సరకు బండ్లతోనే నిండిపోయి ఉంటుంది. ఈ రైళ్ల సంఖ్య పెంచడం అవసరమే, త్వరగా చేయగలిగిందీ అదే. కానీ కొండ దాటే సమస్య దానితో తీరదు. రహదారిని వెడల్పు చేయడం నాలుగో మార్గం. దేశంలోనే అతి కలుషితమైన గాలి పీల్చే ప్రాంతాల్లో ఒకటైన ఈ లోయకు ఇంకా ఎక్కువ కార్లను తెచ్చే ఆ మార్గం నాకు సమ్మతం కాదు.

కాబట్టి వేగమూ ఖర్చూ మాత్రమే చూస్తే పడమటి దారి మేలు, లోయలో బతికేవారి కోణంలో చూస్తే తూర్పు దారి మేలు. నేను మేయరు పక్షమే, ఒక షరతుతో. స్టేషన్ చుట్టూ ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు రావాలి. ఊరు పొలాల్లోకి పాకడం ఆగాలి. ఆమె హయాంలో, 2014లో ఆమోదం పొందిన నగర ప్రణాళిక కొత్త ఇళ్లలో పెద్ద వాటాను పాత ఊరి హద్దుల్లోనే కట్టాలని లక్ష్యం పెట్టుకుంది. అది అమలు కాకపోతే, రైలు కోసం పోయిన పొలాల కంటే కాలనీల కింద పోయేవే ఎక్కువవుతాయి.

2015 జనవరిలో ఫ్రెస్నోలో శంకుస్థాపన జరిగింది. మెర్సెడ్ నుంచి బేకర్స్‌ఫీల్డ్ వరకు 171 మైళ్లు ముందు నడపాలన్నది ప్రణాళిక. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం సుమారు 400 కోట్ల డాలర్ల సాయాన్ని రద్దుచేసింది; తర్వాత రాష్ట్రం 2045 వరకు ఏటా 100 కోట్ల డాలర్లు కేటాయించింది. లోయ నుంచి అటు శాన్ హోసే వైపు వెళ్లాలన్నా, ఇటు లాస్ ఏంజెలెస్ వైపు వెళ్లాలన్నా కొండలు దాటాలి. ఆ సొమ్ము ఒకవైపు కొండలకే చాలితే, మొదట ఉత్తరానికే వెళ్లాలి. మన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడిన శాన్ హోసే పరిసరాల్లో ఉద్యోగాలున్నాయి గానీ ఇళ్ల ధరలు అందవు. ఫ్రెస్నోలో ఇల్లు అందుతుంది గానీ అలాంటి ఉద్యోగాలు లేవు. పచేకో కనుమ కింద సొరంగం తవ్వి గిల్‌రాయ్ దాకా లైను వేస్తే, అక్కడి నుంచి శాన్ హోసేకు రైలు ఇప్పటికే ఉంది.