రాకెట్రీ తెలుగులో చూసినా... ఇంజిన్ కన్నా మీనమ్మే గుర్తుండిపోయింది

పిల్లకాయల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాకెట్లు ఎగిరేది చూపిద్దామని ఈ సినిమా పెట్టుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, అది తక్కువే ఉంటుంది. రాకెట్రీ: ది నంబి ఎఫెక్ట్, 2022 జులైలో వచ్చింది, మాధవనే రాసి, డైరెక్ట్ చేసి, నంబి నారాయణన్ గారి వేషం కూడా తనే వేసినాడు. ప్రైమ్ లో తెలుగు డబ్బింగ్ ఉంది. కథ చాలామందికి తెలిసిందే, ఇస్రో సైంటిస్టుని 1994లో గూఢచారి అని కేరళ పోలీసులు లోపలేసినారు, 1996లో సీబీఐ కేసులో పస లేదని తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు పరిహారం ఇమ్మంది.

మన తిరుపతోళ్ళకి ఇది ఊరికే దూరంగా జరిగిన కథ కాదబ్బా. శ్రీహరికోట మన జిల్లాలోదే, రాత్రిపూట పీఎస్ఎల్వీ రాకెట్ వదిలినప్పుడు మబ్బు లేకుంటే మిద్దె మీద నుంచే కనిపిస్తుంది, లాంచ్ ముందర ఇస్రో పెద్దోళ్ళు చిన్న రాకెట్ మోడల్ పట్టుకుని కొండకి వచ్చిన ఫోటో పేపర్లో చూస్తానే ఉంటాం. ఆ పీఎస్ఎల్వీ రెండో స్టేజిలో మండేది వికాస్ ఇంజిన్, దాని వెనకున్న టీమ్ కి పెద్ద ఈ నంబి గారే. అది తెలిసి చూస్తే సినిమా వేరేగా ఎక్కుతుంది.

సరే, నాకు నచ్చింది చెప్తా. అందరూ దేశభక్తి దేశభక్తి అని రాసినారు గానీ నా లెక్కలో ఈ సినిమాలో అసలు సరుకు మనుషుల మధ్య ఉండే విశ్వాసం. అది కూడా ఫస్టాఫ్ లో ఒక రకంగా, సెకండాఫ్ లో ఇంకో రకంగా ఉంటుంది.

అమెరికాలో ప్రిన్స్టన్ యూనివర్సిటీలో క్రోకో అని ప్రొఫెసర్, ఆయన భార్యకి ఒంట్లో బాగాలేక ఆయన పాఠాలు తగ్గించేసుకుని ఉంటాడు. మనోడు పోయి, ఇంటి పని నేను చేస్తా, అమ్మగారిని నేను చూసుకుంటా, మీరు నాకు చదువు చెప్పండి అంటాడు. మన పాతకాలం గురుకులం మాదిరి, గురువింట్లో చాకిరీ చేసి విద్య నేర్చుకోవడం. ఆ సీన్లు భలే ముద్దుగా ఉన్నాయి, నవ్వొస్తుంది కూడా, కానీ గమనిస్తే అది బేరమే కదా, ప్రేమతో చేసినా వెనక ఒక పని ఉంది.

తర్వాత ఫ్రాన్స్. అక్కడి వైకింగ్ రాకెట్ ఇంజిన్ (మన వికాస్ కి అదే మూలం) పని నేర్చుకోడానికి టీమ్ ని తీసుకుపోతాడు, అందులో ఉన్ని అని కుర్రోడు. ఇండియాలో ఉన్ని పసిబిడ్డ చనిపోయిందని కబురొస్తే నంబి దాచిపెట్టేస్తాడు, పని అయ్యేదాకా చెప్పడు. ఇక్కడ నాకు ఒళ్ళు మండింది అసలు. ఎంత ఇంజిన్ అయితే మాత్రం, కన్నతండ్రికి చెప్పకుండా ఎట్లా ఉంటావు సామీ అనిపించింది. మాధవన్ మెచ్చుకోదగ్గ పని ఏందంటే ఆ పాత్రని వెనకేసుకురాలేదు, చూసేవాళ్ళకి కోపం రానిచ్చినాడు. ఉన్ని తర్వాత ఏం చేస్తాడనేది చెప్పను, చూసుకోండి.

ఇంక మీనమ్మ, అంటే నంబి భార్య, ఆ వేషం సిమ్రాన్ ది. ఫస్టాఫ్ లో ఆమెకి పెద్ద పనేం లేదు, మొగుడు దేశాలు తిరుగుతుంటే ఇల్లు చూసుకుంటుంది అంతే, ఏందబ్బా సిమ్రాన్ ని పెట్టుకుని ఇంత చిన్న వేషమా అనుకున్నా. కేసు వచ్చినాక సినిమా మొత్తం ఆమె మొహం మీదే నడుస్తుంది. మనసు దెబ్బతినిపోయిన ఆడమనిషి, పక్కన ఆమెని పట్టుకుని నడిపించే మొగుడు. వానలో ఆటో సీన్ ఒకటి ఉంది, వీళ్ళు ఎవరో తెలిసినాక ఆటో అతను దిగిపొమ్మంటాడు, దిగుతారు, తడుస్తా నడుస్తారు. ఆ మనిషి అన్నేళ్ళు ఇంజిన్ కోసం, చదువు కోసం ఎవరెవరికో సేవ చేసినాడు, ఇప్పుడు చేతిలో ఇంజిన్ లేదు, పేరు లేదు, భార్య చెయ్యి మాత్రం ఉంది, దానికి బదులుగా వచ్చేది కూడా ఏం లేదు. ఆ ఒక్క సీన్ లో డైలాగులు లేకపోయినా సరిపోయేది.

మైనస్ లు లేవా అంటే ఉన్నాయి. మొదటి గంట టెక్నికల్ మాటలు గబగబా వచ్చి పడతాయి, తెలుగు డబ్బింగ్ లో ఫారిన్ వాళ్ళు మాట్లాడేది మరీ టీవీ ప్రకటన మాదిరి ఉంది, సబ్ టైటిల్స్ పెట్టుకోండి. ఇంకోటి, అన్నీ ఈయనొక్కడే చేసినట్టు చూపించినారు. ఇస్రోలో పనిచేసిన పాత ఇంజినీర్లు కొందరు ఇది నిజం కాదు, గొప్పలు ఎక్కువయినాయి అని ప్రెస్ మీట్ పెట్టి మరీ చెప్పినారు, కాబట్టి హిస్టరీ పాఠం అనుకుని చూడొద్దు.

విశ్వాసం అంటే బయట జరిగింది కూడా ఒకటి చెప్పాలి. కేసు రోజుల్లో ఇస్రో పాత ఛైర్మన్లు సతీష్ ధావన్, యు.ఆర్.రావు, ఎన్నికల కమిషనర్ గా పేరుపడ్డ టి.ఎన్.శేషన్ లాంటోళ్ళు ఇది కట్టుకథ అని కలిసి సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చినారు. ఊరంతా ద్రోహి అంటున్న మనిషి పక్కన పేరు పెట్టడం అంటే మాటలు కాదు. మన శ్రీహరికోట షార్ సెంటర్ కి ఉన్నది ఆ ధావన్ గారి పేరే.

కథంతా నంబి ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్తున్నట్టు నడుస్తుంది, చివర్లో ఆ కుర్చీలో మాధవన్ పోయి నిజం నంబి గారు వచ్చి కూర్చుంటారు, ఎదురుగా ఇంటర్వ్యూ చేసే హీరో సూర్య మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడుగుతాడు. కొంచెం ఓవర్ అనేవాళ్ళు ఉన్నారు, మా ఇంట్లో కూడా అన్నారు, నాకైతే ఆ పెద్దాయన మొహం చూసినాక ఓవర్ అనాలనిపించలేదు. హిందీలో సూర్య ప్లేస్ లో షారుఖ్ ఖాన్ ఉంటాడు, మీరు ఎవరి ఫ్యాన్ అయితే ఆ భాషలో పెట్టుకోండి. పదికి ఏడున్నర, అందులో మూడు మార్కులు సిమ్రాన్ కే.