రైల్లో బ్యాంకాక్ నుంచి సింగపూర్‌కి: గంజాయి చట్టాలు తెలుసుకుని వెళ్లండి

బ్యాంకాక్, మలేసియాలోని పినాంగ్, సింగపూర్ ఒకే ట్రిప్పులో చూడాలనుకుంటే విమానాలు పక్కనపెట్టి రైళ్లలో వెళ్లండి. మేం అక్కావాళ్లతో కలిసి అలాగే వెళ్లాం. దారంతా రబ్బరు తోటలు, పచ్చని పొలాలు, కళ్లకు పండగే. అయితే బయల్దేరే ముందు పిల్లలతో సహా అందరూ గంజాయి గురించి తెలుసుకోవాలి.

థాయ్‌లాండ్ 2022 జూన్ 9న గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది. ఆసియాలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. ఖావోసాన్ రోడ్డులో, సుఖుమ్విత్‌లో ఆకు బొమ్మ బోర్డులు, గాజు సీసాల్లో ఎండు పువ్వులు రోడ్డు మీదికే కనిపిస్తాయి. కానీ 2025 జూన్ చివరి నుంచి డాక్టర్ చీటీ ఉంటేనే పువ్వు అమ్మాలి. నలుగురిలో పొగ వదిలితే 3 నెలల దాకా జైలు, 25,000 బాత్‌ల దాకా జరిమానా పడొచ్చు. షాపు తెరిచి ఉంది కదా అని ధీమా పడకండి.

బ్యాంకాక్‌లో నానా అనే పేట దగ్గర మేం దిగిన హోటల్ చవకే, గది శుభ్రమే. రాత్రి పదయ్యాక మాత్రం వరండా అంతా ఆ వాసన. గది మార్చమంటే రిసెప్షన్‌లో పట్టించుకోలేదు. పసిపిల్లలతో వెళ్లేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా నది ఒడ్డున దిగడం మేలు.

దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాట్‌యాయ్‌లో సరిహద్దు రైలెక్కే ముందు అందరి బ్యాగులూ తీయించి చూశాను. మా మేనల్లుడి బ్యాగులో రంగురంగుల జెల్లీ డబ్బా ఒకటి దొరికింది. "చాక్లెట్ల లాంటివే మావయ్యా, ఫ్రెండ్స్ కోసం కొన్నా" అన్నాడు. డబ్బా వెనక్కి తిప్పితే థాయ్ అక్షరాల కింద వేలి గోరంత ఆకు బొమ్మ, దాని పక్కన మిల్లీగ్రాముల అంకె. వాడు నిజంగానే చూసుకోలేదు. స్టేషన్‌లోనే చెత్తబుట్టలో వేయించాను. బిస్కెట్లు, కేకులు, టీ పొడి, ఏవి కొన్నా లేబుల్ తిప్పి చూడండి.

హాట్‌యాయ్ నుంచి మలేసియా సరిహద్దు స్టేషన్ పదాంగ్ బేసార్‌కి గంట లోపు ప్రయాణం. రెండు దేశాల ఇమిగ్రేషన్ ఒకే స్టేషన్ భవనంలో ఉంటుంది. ఒక కౌంటర్‌లో స్టాంపు వేయించుకుని పక్క కౌంటర్‌కి నడవడమే. ఈ దారిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. అక్కడ గడియారం గంట ముందుకి జరుపుకోవాలి, చట్టమైతే పూర్తిగా మారిపోతుంది. మలేసియాలో గంజాయి 200 గ్రాములకు చేరితే అమ్మకానికే తెచ్చారని కోర్టు భావిస్తుంది, కాదని మనమే రుజువు చేసుకోవాలి. మరణశిక్ష తప్పనిసరి అన్న నిబంధనను 2023లో తీసేశారు. అయినా ఉరి వేయాలా, లేక దశాబ్దాల జైలూ బెత్తం దెబ్బలూ సరిపోతాయా అన్నది జడ్జి చేతిలో ఉంటుంది. కాస్త తాగినట్టు పరీక్షలో తేలినా 2 ఏళ్ల దాకా జైలు.

బసకి మా అందరి ఓటు పినాంగ్‌కే. జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియా పక్కన పాత ఇంటిని లాడ్జిగా మార్చారు. అరిటాకు భోజనం వీధి చివరే, రాత్రి నడకకీ టెన్షన్ లేదు.

మలేసియా చివర ఉన్న జొహర్ బారు నుంచి సింగపూర్‌లోని వుడ్‌లాండ్స్‌కి రైల్లో 5 నిమిషాలు. సింగపూర్‌కి మనకి వీసా ముందే ఉండాలి. బస ఖర్చు కళ్లు తిరిగేంత, సేవలు మాత్రం గడియారంలా నడుస్తాయి. ఇక్కడ 500 గ్రాములకు మించి గంజాయి తెస్తే ఉరే. కొద్దిగా దగ్గరుంచుకున్నా, తాగినా 10 ఏళ్ల దాకా జైలు. 2023 ఏప్రిల్‌లో తంగరాజు సుప్పయ్య అనే వ్యక్తిని ఉరితీశారు. 1,017.9 గ్రాముల గంజాయి రవాణాకు సహకరించాడన్నది అతని మీద నేరం. సరుకు అతని చేతిలో దొరకలేదు, ఫోన్ నంబర్ల ఆధారంగా శిక్ష పడింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఆపమని కోరినా ఆగలేదు. ఒక ఆకు కోసం ప్రాణం తీయడం నాకు ఏ రకంగానూ న్యాయం అనిపించదు. సింగపూర్ పౌరులు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లు బ్యాంకాక్‌లో తాగి వెళ్లినా కేసు పెట్టొచ్చు. అక్కడ పీఆర్ తీసుకున్న మన పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

బ్యాంకాక్‌ని చివర్లో పెట్టుకుంటే గొడవ ఉండదని కొందరంటారు. కానీ అక్కడి నుంచి గంజాయి తెస్తూ శంషాబాద్‌లో కస్టమ్స్‌కి దొరికిపోయిన వాళ్ల వార్తలు తరచూ చూస్తూనే ఉన్నాం. మన 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు, 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు. ఎవరైనా "ఈ ప్యాకెట్ ఇంటికి చేర్చండి అన్నా" అంటే, మనవాళ్లే అయినా సరే, చేతిలోకి కూడా తీసుకోకండి.