ఆడపిల్లలకు సెర్వావాక్ టీకా వేయించాలా, గార్డసిల్ 9 టీకా వేయించాలా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వైరసే. అందులో 16, 18 రకాల వల్ల వచ్చేవే సుమారు 70 శాతం. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్ ఈ రెండింటితో పాటు జననాంగాల దగ్గర పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలనూ అడ్డుకుంటుంది. గార్డసిల్ 9 అయితే 31, 33, 45, 52, 58 రకాలను కూడా కలుపుకుంటుంది. అప్పుడు ఆ 70 కాస్తా 90 దాకా వెళ్తుంది.

అసలు టెన్షన్ బిల్లు దగ్గర. 2023లో సెర్వావాక్ మార్కెట్లోకి వచ్చినప్పుడు డోసు 2,000 రూపాయలు. గార్డసిల్ 9 సుమారు 10 వేలు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. 15 నిండితే మూడు! 'డబ్బు సర్దుబాటయ్యాక పెద్దది వేయిద్దాంలే' అని ఏళ్లు గడిపేకంటే ఇప్పుడే సెర్వావాక్ వేయించేయడం నయం. చేతిలో డబ్బు ఆడుతుంటే మాత్రం తొమ్మిది రకాలదే తీసుకోండి.

ఏది వేయించుకున్నా ముప్పై దాటాక స్క్రీనింగ్ (క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష) మానకూడదు. అన్నట్టు, సెర్వావాక్‌కు మగపిల్లల విషయంలోనూ అనుమతి ఉంది, అడిగేవాళ్లే తక్కువ.