హార్డ్ డిస్క్ రికవరీకి ఇచ్చారా? పాత బోర్డు తిరిగి ఇచ్చారో లేదో ముందు చూసుకోండి

ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను, చెప్పేది కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. ఆ డేటా రికవరీ సెంటర్ పేరు రాయను. "డేటా రాకపోతే డబ్బు వద్దు" అని ఇంతేసి అక్షరాలతో ప్రకటన వేసుకునేవాళ్ళు. మీలో సగంమందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

జరిగింది టూకీగా చెప్తాను. నాది విడిగా అడాప్టర్ పెట్టుకునే పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్క్. దానికి 12 వోల్టులు కావాలి. మా తమ్ముడు హడావుడిలో ల్యాప్‌టాప్ అడాప్టర్ తెచ్చి గుచ్చాడు, అది 19 వోల్టులది. పిన్ను చక్కగా సరిపోయింది! ఒక్కో వోల్టేజీకి ఒక్కో సైజు పిన్ను పెట్టాలన్న జ్ఞానం ఈ కంపెనీలకు ఎప్పుడొస్తుందో. టప్‌మంది, కాలిన వాసన వచ్చింది, అంతే. లైటు లేదు, తిరిగే చప్పుడు లేదు. అందులో ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు, నా పని ఫైళ్ళు, పాత క్యాసెట్ల నుంచి ఓపిగ్గా ఎక్కించుకున్న ఇంటి రికార్డింగులు ఉన్నాయి. ఎక్కించేశాం కదా అని క్యాసెట్లు పారేశాం కూడా. బ్యాకప్ లేదా అని మాత్రం అడగకండి, ఇంట్లో ప్రతి ఒక్కరూ అడిగేశారు.

సెంటర్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో కుర్రాడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, "హెడ్ క్రాష్ మేడమ్" అని తేల్చేశాడు. ప్లగ్ పెట్టలేదు, మీటర్ పెట్టి చూడలేదు. అడాప్టర్ సంగతి నేను చెప్తూనే ఉన్నాను, వినలేదు. హెడ్ క్రాష్ అంటే డేటా ఉండే, గిర్రున తిరుగుతున్న పళ్ళెం లాంటి ప్లాటర్‌కి, దాన్ని చదివే హెడ్ తగలడమని తర్వాత తెలిసింది. కరెంటు పోగానే, ప్లాటర్ ఇంకా తిరుగుతున్న ఆ కాస్త ఊపుతోనే హెడ్లను పక్కకు లాగి పార్క్ చేసుకునే ఏర్పాటు డిస్కులోనే ఉంటుందట. ఇతగాడికి చెవితోనే అంతా వినపడిపోయింది.

క్లీన్ రూమ్‌లో, అంటే దుమ్ము లేకుండా చేసిన గదిలో విప్పాలన్నారు. హెడ్లు మార్చడానికి డోనర్ డిస్క్, అంటే విడిభాగాలు తీసుకోవడానికి ఇంకో డిస్కు తెప్పించాలన్నారు. అడ్వాన్స్ కట్టమన్నారు. కట్టాను. మరి "డేటా రాకపోతే డబ్బు వద్దు" సంగతేమిటంటే, అది ఆఖరి బిల్లుకేనట, క్లీన్ రూమ్‌కీ డోనర్‌కీ వర్తించదట. వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. రసీదులో రాసిందేమిటో తెలుసా? "ఎక్స్‌టర్నల్ హెచ్‌డీడీ - 1". సీరియల్ నంబర్ లేదు, మోడల్ లేదు. దాన్నే భద్రంగా మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాత ఫోన్లు, "ప్రాసెస్‌లో ఉంది మేడమ్"లు. చివరికి ప్లాటర్లు గీసుకుపోయాయి, డేటా రాదు, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. వెళ్ళి తెచ్చుకున్నాను. పైగా వాళ్ళకి థాంక్స్ కూడా చెప్పి వచ్చాను. అది గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

తెలిసినవాళ్ళు ఇంకొకాయన గురించి చెప్పారు, ఒక్కడే కూర్చుని పని చేసుకుంటాడు. ఆశ వదిలేసుకునే వెళ్ళాను. ఆయన డిస్కును లైటు కింద పెట్టి, ముందు పై స్టిక్కర్‌ను బొటనవేలితో నొక్కుతూ తడిమాడు. ఒక చోట వేలు కాస్త లోపలికి దిగింది. "ఇక్కడ స్టిక్కర్ కింద ఒక స్క్రూ ఉంది. అది తీయకుండా ఈ మూత రాదు. స్టిక్కర్‌కి గాటు కూడా పడలేదు చూడండి" అన్నాడు. నాకు వెంటనే ఎక్కలేదు. "అంటే?" అన్నాను. "అంటే దీని మూత ఎవరూ తీయలేదు మేడమ్."

క్లీన్ రూమ్! మూతే తీయని డిస్కుకి క్లీన్ రూమ్ ఛార్జ్! ప్లాటర్లు గీసుకుపోయాయని గోడకు ఇవతలి నుంచే చూసేశారన్నమాట. మామూలుగా హెడ్ ప్లాటర్‌కి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుందట, దుమ్ము కణం అడ్డం పడినా ప్రమాదమే కాబట్టి క్లీన్ రూమ్ అన్న మాట అబద్ధం కాదు. హెడ్లు నిజంగా పోయినప్పుడు అది కావాల్సిందే. నా డిస్కుకి మాత్రం వాడలేదు, అంతే.

ఆయన డిస్కును తిరగేశాడు. కింద బిగించి ఉండే సర్క్యూట్ బోర్డు స్క్రూల తలలు అరిగిపోయి మెరుస్తున్నాయి. బోర్డుకీ డిస్కుకీ మధ్య ఉండాల్సిన పల్చటి స్పాంజి షీటు లేదు. బోర్డు మీద అచ్చువేసిన నంబర్‌ను పైన స్టిక్కర్ మీది మోడల్‌తో పోల్చుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా, "ఈ బోర్డు ఈ డిస్కుది కాదు. అసలు బోర్డు ఏది?" అని అడిగాడు.

అప్పుడు ఆయన చెప్పిందాన్ని నాకర్థమైనట్టు రాస్తాను, ఎందుకంటే ఇది తెలిసుంటే నేను ఆ సెంటర్ గడప తొక్కేదాన్నే కాదు. చాలా డిస్కుల బోర్డుల మీద, కరెంటు వచ్చే చోటుకి దగ్గర్లో, టీవీఎస్ డయోడ్ అని ఒక చిన్న నల్లటి ముక్క ఉంటుంది. 12 వోల్టుల లైనుకి ఒకటి, 5 వోల్టుల లైనుకి ఒకటి. వోల్టేజీ హద్దు దాటితే అది తాను షార్ట్ అయిపోయి మిగతా బోర్డును కాపాడుతుంది. షార్ట్ అయింది కాబట్టి డిస్కు తిరగదు, చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. చాలాసార్లు ఆ ముక్కను ఊడదీస్తే చాలు, సరైన అడాప్టర్‌తో డిస్కు లేచి కూర్చుంటుంది. అయితే ఇక రక్షణ ఉండదు కాబట్టి వెంటనే మొత్తం వేరే డిస్కులోకి కాపీ చేసుకుని దీన్ని పక్కన పెట్టేయాలి. "బోర్డు చూడకుండా ఒట్టేసి చెప్పలేను, మోటార్ నడిపే చిప్ కూడా పోయుండొచ్చు. కానీ మీరు చెప్పే కథ వింటే నేను మొదట చూసేది ఆ డయోడ్‌నే" అన్నాడాయన.

సరే, బోర్డు పూర్తిగా కాలిందే అనుకుందాం. అదే నంబరున్న వేరే బోర్డు వేయొచ్చు. కానీ ఊరికే వేస్తే ఇప్పటి డిస్కులు పని చేయవు. పాత బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్ ఒకటి ఉంటుంది, రోమ్ చిప్. ఫ్యాక్టరీలో ఆ ఒక్క డిస్కు హెడ్లకు సరిపోయేలా కొలిచి పెట్టిన సెట్టింగులు అందులో ఉంటాయి. కొన్ని మోడళ్లలో అది విడిగా ఉండదు, పెద్ద చిప్‌లోనే కలిసి ఉంటుంది. ఏదైనా సరే దాన్ని పాత బోర్డు నుంచి తీసి కొత్త బోర్డుకి అతికించాలి. అది మార్చకుండా కొత్త బోర్డు తగిలిస్తే డిస్కు తిరుగుతుంది, టక్ టక్‌మంటుంది, కంప్యూటర్ గుర్తుపట్టదు. వాళ్ళు చేసింది ఇదే అయ్యుండాలి. ఏదో ఒక బోర్డు తగిలించారు, టక్ టక్‌మంది, "ప్లాటర్లు పోయాయి" అని రాసేశారు.

అక్కడే బయటికొచ్చి ఫోన్ చేశాను. నా కోపమంతా ఈ ఫోన్ గురించే.

"మా డిస్క్ పాత బోర్డు ఏదండీ?"

"ఏ బోర్డు?"

"డిస్క్ కింద ఉండేది. ఇప్పుడున్నది మాది కాదట."

"ఓ, అదా. అది కాలిపోయింది కదా మేడమ్. కాలిపోయినవి మేం ఉంచుకోం, పారేస్తాం."

పారేస్తాం. కాఫీ తాగిన కప్పు గురించి చెప్తున్నంత తేలిగ్గా అన్నాడు. దాని మీద ఒక చిప్ ఉంటుందట కదా, అది లేకపోతే డేటా రాదట కదా అన్నాను. "మేడమ్, నాలుగు వీడియోలు చూసొచ్చి మాకు చెప్పొద్దు. ఇవి మీకు అర్థమయ్యే విషయాలు కావు." సరే నాకు అర్థం కాదు, మూత తీయకుండా క్లీన్ రూమ్ ఛార్జ్ ఎలా వేశారో మీరే అర్థమయ్యేలా చెప్పండి అన్నాను. అవతల నిశ్శబ్దం. పక్కన ఎవరితోనో గుసగుసలు. తర్వాత వచ్చిన జవాబు వినండి: "కొత్త బోర్డు మీకు ఫ్రీగానే వేసిచ్చాం మేడమ్. అది లెక్క చూసుకోరా?"

ఎంత ఉదారులో! నా డేటాకి తాళంచెవి లాంటిదాన్ని చెత్తబుట్టలో వేసి, దేనికీ పనికిరాని బోర్డు ఒకటి కానుకగా ఇచ్చారు. డబ్బు పోయిందని కాదు నా ఏడుపు. రికవరీయే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఆ బోర్డు పారేయకూడదని తెలియకపోతే, వాడికి ఆ పనే రాదు. తెలిసీ పారేశాడంటే ఇంకొకడి దగ్గర డేటా బయటపడి తన అబద్ధం తేలిపోకుండా చూసుకున్నాడు. రెండింట్లో ఏదో నాకు తెలియదు, ఏదైనా నాకు ఒకటే.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, కొన్ని మోడళ్లలో ఆ సెట్టింగుల కాపీ ప్లాటర్ మీద కూడా ఉంటుందట, దాన్నుంచి రోమ్‌ను తిరిగి తయారు చేయడానికి ప్రయత్నిస్తానని ఈయన తీసుకున్నాడు. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నాడు. రసీదులో నా చేతే సీరియల్ నంబర్, బోర్డు నంబర్ రాయించి, రెండు వైపులా ఫొటోలు తీయించి మరీ తీసుకున్నాడు. డిస్కు పైన ఉండే ఖాళీ బాక్స్ కూడా ఉందా అని అడిగాడు. ఉంది, అదృష్టం. కొన్ని కంపెనీల ఎక్స్‌టర్నల్ డిస్కులు మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తాయట, అంటే తాళం వేసినట్టు చదవలేని రూపంలోకి మార్చేస్తాయి. ఆ పని బాక్స్ లోపలుండే చిన్న యూఎస్‌బీ బోర్డు చేస్తుంది, కాబట్టి దాన్నీ పారేయకూడదు. వాళ్ళు దాన్ని మర్చిపోయి నాకే ఇచ్చేశారు, లేకపోతే అదీ చెత్తలోకే.

మీరు ఎవరికైనా ఇచ్చేముందు డిస్కు అన్ని వైపులా ఫొటో తీసుకోండి, "తీసిన ప్రతి భాగం తిరిగి ఇవ్వాలి" అని రసీదు మీద రాయించుకోండి. కాలిన డిస్కుకి పదే పదే కరెంటు పెట్టి చూడకండి. ఒకవేళ లేచి, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే వద్దనండి, ముందు మొత్తం ఇమేజ్, అంటే డిస్కుకి ఉన్నదున్నట్టు పూర్తి కాపీ తీయించుకుని రిపేర్ ప్రయోగాలేవైనా ఆ కాపీ మీదే చేయించండి. వారంటీ ఉంది కదా అనుకోకండి, అది డిస్కుకే, లోపలి డేటాకి కాదు. అడాప్టర్ల మీద దేనిదేదో స్టిక్కర్ అంటించండి. మా తమ్ముడు నిన్న ఇంట్లో ఉన్నవన్నీ ముందేసుకుని అంటించాడు, ఇప్పుడు!

ఆ బోర్డు వెతికి ఇవ్వమని సెంటర్‌కి రాతపూర్వకంగా పంపాను. జవాబు రాలేదు. మీ డిస్కు ప్రస్తుతం వాళ్ళ దగ్గరే ఉంటే, ఇది చదవడం ఆపి ముందు ఫోన్ చేసి బోర్డు పారేయొద్దని చెప్పండి. ఫోన్‌తో సరిపెట్టకుండా మెసేజ్ కూడా పెట్టండి, రేపు అలా చెప్పనే లేదంటారు.