మోకాళ్ల నొప్పులతో గెలీనా

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే చికాగో చుట్టుపక్కల మనవాళ్లం తిప్పే రూటు దాదాపు ఒకటే. అరోరా బాలాజీ గుడి, డౌన్‌టౌన్‌లో బీన్ (అద్దంలా మెరిసే చిక్కుడుగింజ ఆకారపు పెద్ద శిల్పం), ఓపికుంటే నయాగరా. మా ఇంట్లో ఆ మూడూ అయిపోయాయి. వాళ్ల తిరుగు ప్రయాణానికి ఇంకా నెల ఉంది. అందుకని అక్టోబర్‌లో ఇల్లినాయ్ వాయవ్య మూలనున్న గెలీనాకి బయల్దేరాం. మా నాపర్‌విల్ నుంచి సుమారు 3 గంటల దారి. ఊరి జనాభా 3 వేల పైచిలుకే, మన దగ్గరైతే ఒక పంచాయతీ.

ఫ్రీపోర్ట్ దాటాక యూఎస్ 20 రెండు వరసల రోడ్డయిపోయి కొండలెక్కడం, దిగడం మొదలెట్టింది. "ఈ దేశం వచ్చాక ఇన్నాళ్లకి ఒక మలుపు కనపడిందే" అంది అమ్మ. మంచుయుగంలో హిమానీనదాలు మిడ్‌వెస్ట్‌ని చాలావరకు చదును చేసినా ఈ ప్రాంతం జోలికి రాలేదట. కొండలు మిగిలింది అందుకే. ఊరికి కాస్త ముందు వచ్చే హార్స్‌షూ మౌండ్ దగ్గర ఆగండి. అక్కడి నుంచి చూస్తే ఇల్లినాయ్, అయోవా, విస్కాన్సిన్ మూడూ కనపడతాయి. మేం 20 నిమిషాలనుకుని ఆగి గంట కూర్చున్నాం, పులిహోర అక్కడే సగం అయిపోయింది.

గెలీనా అంటే సీసపు ఖనిజం పేరు. ఆ సంగతి నాకు తెలీదు, నాన్నకి తెలుసు. మాది వినుకొండ వైపు. అగ్నిగుండాల దగ్గర బండ్లమోటులో ఒకప్పుడు హిందుస్థాన్ జింక్ వాళ్ల సీసం గని ఉండేది. ఊరి పేరు వినగానే "గెలీనా అంటే మన బండ్లమోటు రాయేగా అమ్మాయ్" అన్నారు. మెయిన్ స్ట్రీట్‌లో ఒక దుకాణంలో ఆ రాయి దొరికింది. నిమ్మకాయంత ముద్ద, వెండిలా మెరుస్తోంది, విరిగిన చోటల్లా కోసిన బెల్లం అచ్చులా నలుచదరంగా ఉంది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపి చూశారు. తర్వాత నా చేతిలో పెట్టారు. అంత చిన్న ముద్ద అంత బరువుంటుందని ఊహించక చెయ్యి కిందకి జారింది. కొనేశారు. (పిల్లలు ముట్టుకుంటే చేతులు కడిగించండి, ఎంతైనా సీసం.)

1840ల్లో అమెరికాలో తవ్విన సీసంలో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కలదే. మిసిసిపీ నుంచి స్టీమర్లు గెలీనా నదిలోకి, ఊళ్లోకే వచ్చేవి. ఖనిజం కరిగించడానికి కొండల మీద చెట్లన్నీ నరికేశారు. మట్టి కొట్టుకొచ్చి నది పూడిపోయింది, రైలు వచ్చింది, గనులు తగ్గాయి. కొత్తవి కట్టడానికి ఎవరి దగ్గరా డబ్బు లేకపోవడం వల్లే ఆ పాత ఇటుక భవనాలు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు వాటిలో చాక్లెట్లు, పాప్‌కార్న్, కొవ్వొత్తులు అమ్ముతున్నారు. నిజం చెప్పాలంటే పది దుకాణాలు చూశాక అన్నీ ఒకేలా ఉన్నాయి. చాలావరకు సాయంత్రం 5 దాటగానే కట్టేస్తారు కూడా. వీధి చివర వరద గేట్లు మాత్రం తప్పక చూడండి. నది పొంగితే ఆ పెద్ద ఇనప తలుపులు మూసి మెయిన్ స్ట్రీట్‌ని కాపాడతారు. ఊరికి తలుపు వేసుకోవడం మా అబ్బాయికి తెగ నచ్చింది.

ఇక బస సంగతి. ఒక పాత ఇంట్లో బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ తీసుకున్నాం, పేరు వద్దులెండి. ఫస్ట్ ఫ్లోర్ అని రాశారు, అమెరికాలో అంటే నేల అంతస్తు; అమ్మ మోకాళ్ల నొప్పులకి అదే మేలనుకున్నాం. గది కింది అంతస్తే, అందులో అబద్ధం లేదు. ఆ ఇల్లే కొండ మీద ఉంది, రోడ్డు నుంచి 40 మెట్లు! గెలీనా అంతా అంతే, మెట్ల మెట్లుగా కట్టిన ఊరు. ఒక వీధి నుంచి పై వీధికి మెట్లే దారి. అమ్మ రోజుకి ఒక్కసారి దిగి ఒక్కసారి ఎక్కింది, అంతే. శాకాహారం అని ముందే చెప్పినా ఆమ్లెట్ తెచ్చారు. పాపం, తర్వాత సారీ చెప్పి పాన్‌కేక్‌లు వేసిచ్చారు. వారాంతమైతే 2 రాత్రులకి తక్కువగా గది ఇవ్వం అన్నారు. మళ్లీ వెళ్తే నేరుగా మెయిన్ స్ట్రీట్ మీదున్న డిసోటో హౌస్‌లో దిగుతాను, లిఫ్ట్ సంగతి అడిగి మరీ. 1855లో తెరిచిన హోటల్ అది. మరుసటేడు లింకన్ దాని బాల్కనీ నుంచి ఎన్నికల ప్రసంగం చేశారట.

గ్రాంట్ ఇల్లు నది అవతల గుట్ట మీద ఉంది. కారు దగ్గరదాకా వెళ్తుంది. 1860లో తండ్రి తోలు దుకాణంలో పని చేయడానికి ఈ ఊరొచ్చిన యులిసిస్ గ్రాంట్, అమెరికా అంతర్యుద్ధం గెలిచి 1865లో తిరిగొస్తే ఊరివాళ్లు ఈ ఇల్లు బహుమతిగా ఇచ్చారు. 1868లో ఏకంగా దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. పదవి దిగాక ప్రపంచయాత్ర చేసి, 1879లో బొంబాయి, ఆగ్రా, కాశీ, కలకత్తా చూసి, ఆ ఏడాది చివర్లో మళ్లీ గెలీనాకే వచ్చారు. అప్పటిదాకా ముభావంగా ఉన్న అమ్మ "కాశీ వెళ్లొచ్చాడా!" అని, వాళ్ల భోజనాల బల్ల, వంటగది మళ్లీ ఒకసారి శ్రద్ధగా చూసొచ్చింది. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకుని వెళ్లండి.

రెండో రోజు మధ్యాహ్నానికే గెలీనా అయిపోయింది. మిసిసిపీ దాటి అయోవాలోని డబ్యూక్ వెళ్లాం, అరగంట లోపే. అక్కడి ఫెనిలాన్ ప్లేస్ ఎలివేటర్ ఈ ట్రిప్‌కే హైలైట్. కొండ మీద ఇల్లున్న ఒక బ్యాంకరు, మధ్యాహ్నం భోజనానికి గుర్రబ్బండిలో చుట్టు తిరిగి వెళ్లేసరికి కునుకు తీయడానికి టైమ్ చాలట్లేదని 1882లో కట్టించుకున్న బుల్లి రైలు. పొడవు 296 అడుగులు, ఎత్తు 189 అడుగులు. రెండు పెట్టెలు ఒకే తాడుకి, ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది. చలికాలం మూసేస్తారు. నగదు దగ్గర ఉంచుకోండి. అమ్మ మెట్టు ఎక్కకుండా కొండెక్కింది ఇక్కడే. పైన మిసిసిపీని చూస్తూ "ఆ బ్యాంకాయన గెలీనాలో పుట్టుంటే ఎంత బాగుండేదే" అంది.

నవంబర్‌లో సూట్‌కేసు తూకం వేస్తే 23 కిలోలు దాటింది. నాన్న బట్టలు తీసేశారు గానీ రాయి తీయలేదు.